రెండో గేటు ఖరీదెంత?

థీమ్ పార్కులో ప్రవేశ టికెట్టు కొన్నంతమాత్రాన ఖర్చు అయిపోదు. లోపల ప్రతి పెద్ద రైడ్ దగ్గరా ఇంకో బేరం ఎదురుచూస్తుంటుంది. క్యూలో నిలబడతారా, పైసలు కట్టి దాటేస్తారా? ఓర్లాండో నుంచి రావిర్యాల దాకా ఇప్పుడు ఇదే ప్రశ్న.

ఫ్లోరిడాలోని ఓర్లాండోలో డిస్నీ వాళ్ల మ్యాజిక్ కింగ్‌డమ్ ఉంది. అందులో ‘సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రెయిన్’ ఎక్కడానికి రెండు దారులు. ఒకదాని మీద నిమిషాల బోర్డు వేలాడుతుంటుంది. మామూలు రోజుల్లోనే గంట దాటుతుంది, క్రిస్మస్ వారంలోనైతే చెప్పక్కర్లేదు. రెండో దారి పేరు లైట్నింగ్ లేన్. ఫోనో, చేతికి కట్టుకున్న పట్టీయో యంత్రానికి తాకిస్తే పచ్చలైటు వెలుగుతుంది, లోపలికి వెళ్లిపోవడమే. ఏ దారిన వచ్చినా చివరికి ఎక్కేది అదే బండి, తిరిగేది అవే మూడు నిమిషాలు.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ మనవాళ్లకు ఈ ప్రశ్న ఏటా వేసవిలో వస్తుంది. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో అమ్మానాన్నలు ఆర్నెల్లకు వస్తారు. పిల్లలకు బడి సెలవులు. అందరినీ తీసుకుని ఓర్లాండో వెళ్లాలి. విమానం, హోటలు, అద్దె కారు, గేటు టికెట్లు అన్నీ అయ్యాక ఎక్సెల్ షీటులో చివరి గడి ఒకటి మిగులుతుంది: క్యూ దాటే పాస్ కొనాలా వద్దా? రోజుకు మనిషికి 30 డాలర్లు అనుకున్నా ఆరుగురికి 180. నాన్నగారు వెంటనే రూపాయల్లోకి మార్చేస్తారు, పదిహేను వేల పైమాటే. ‘‘లైన్లో నిలబడకుండా ఉండటానికి ఇంతా?’’ అంటారు. అమ్మ మాత్రం, ‘‘నాకెందుకమ్మా, నేను నీడన కూర్చుంటాలే, మీరెళ్లి రండి’’ అంటుంది. ఆ మాటను అల్లుడు మొహమాటంగా తీసుకుని ఆమెకూ పాస్ కొనేస్తాడు. నిజానికి ఇంట్లో లెక్క సరిగ్గా తేల్చింది ఆమె ఒక్కతే. ఎందుకో తర్వాత చూద్దాం.

ఉచితం నుంచి 449 డాలర్ల దాకా

కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ 1955లో తెరుచుకుంది. ఆ రోజుల్లో ఒక్కో రైడ్‌కూ పుస్తకంలోంచి విడిగా టికెట్టు చించి ఇవ్వాలి. ఏ, బీ, సీ అంటూ తరగతులుండేవి. 1959లో అన్నిటికంటే ఖరీదైన ‘ఈ టికెట్’ వచ్చింది, పెద్ద రైడ్లన్నీ దానికిందే. 1982లో ఈ పుస్తకాల పద్ధతి ఎత్తేసి, గేటు దగ్గర ఒక్కసారి కడితే లోపల అన్నీ ఎక్కొచ్చన్నారు. అప్పటినుంచి ఎవరు ఎన్ని ఎక్కాలో జేబు కాకుండా క్యూ తేల్చింది. ఓపిక ఉన్నవాడిదే రైడ్.

క్యూలో నిలబడ్డ మనిషి బొమ్మ కొనడు, బర్గర్ తినడు. అది పార్కుకు నష్టమే. 1999లో డిస్నీ ఫాస్ట్‌పాస్ తెచ్చింది. రైడ్ దగ్గరి యంత్రంలో టికెట్టు పెడితే ఫలానా వేళకు రమ్మని చీటీ వస్తుంది. ఈలోగా ఎక్కడైనా తిరగొచ్చు. పైసా అక్కర్లేదు. తర్వాత అది ఫోన్లోకి మారి, ముందుగానే రోజుకు మూడు రైడ్లు ఎంచుకునే పద్ధతైంది. అప్పుడూ ఉచితమే. 2020లో కొవిడ్‌తో ఆగింది. 2021 అక్టోబరులో తిరిగొచ్చేసరికి పేరు జీనీ ప్లస్, ధర 15 డాలర్లు. బాగా గిరాకీ ఉన్న ఒకటి రెండు రైడ్లను అందులోంచి తీసేసి వాటికి విడిగా రేటు పెట్టారు. నలభై ఏళ్ల కింద తలుపు మూసి పంపిన ‘ఈ టికెట్’ ఇలా కిటికీలోంచి వచ్చింది!

2023 చివరి పండుగ రోజుల్లో మ్యాజిక్ కింగ్‌డమ్‌లో జీనీ ప్లస్ 39 డాలర్లకు చేరింది. 2024 జులైలో మళ్లీ పేరు మార్చారు. మూడు రైడ్లు ముందే ఎంచుకునేది మల్టీ పాస్, ఒక్క పెద్ద రైడ్‌కు కట్టేది సింగిల్ పాస్. అదే ఏడాది అక్టోబరు చివర ప్రీమియర్ పాస్ వచ్చింది. వేళలు చూసుకునే పనిలేదు, లైట్నింగ్ లేన్ ఉన్న ప్రతి రైడ్‌నూ ఒక్కోసారి ఎప్పుడైనా ఎక్కొచ్చు. ఓర్లాండోలో మొదలుపెట్టినప్పుడే పార్కునూ రోజునూ బట్టి 129 నుంచి 449 డాలర్లు. గేటు టికెట్టు ఇందులో కలవదు, పన్ను వేరు. పై అంచు తీసుకుంటే ఒక్క మనిషికి ఒక్క రోజుకు దాదాపు 40 వేల రూపాయలు.

పక్కనే ఉన్న యూనివర్సల్ వాళ్ల ఎక్స్‌ప్రెస్ పాస్ తీరు వేరు. ముందస్తు బుకింగ్ గొడవ లేదు, ఎప్పుడు బుద్ధిపుడితే అప్పుడు ఆ లైన్లోకి నడవడమే. హాయిగా ఉంటుంది కాబట్టి ధరా అలాగే ఉంటుంది. రద్దీ రోజుల్లో గేటు టికెట్టునే మించిపోతుంది. అయితే అక్కడ ఒక కిటుకు ఉంది. పోర్టోఫినో బే, హార్డ్ రాక్, రాయల్ పసిఫిక్ అనే మూడు హోటళ్లలో దిగితే, గదిలో ఉన్నవాళ్లందరికీ రెండు పాత పార్కుల్లో ఎక్స్‌ప్రెస్ ఉచితం. దిగిన రోజూ ఖాళీ చేసే రోజూ కూడా లెక్కలోకి వస్తాయి, అంటే ఒక్క రాత్రి అద్దెకు రెండు రోజుల పాస్. నలుగురైదుగురున్న కుటుంబం విడివిడిగా పాస్‌లు కొనేకంటే ఆ గది చవకగా పడే రోజులు బోలెడు. 2025 మేలో తెరిచిన కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్‌కు మాత్రం ఈ సౌకర్యం లేదు. అది తెలియక గది తీసుకుంటే చేతులు కాలతాయి.

బారు చిన్నదే, కదలదు

పాస్ కొత్తగా ఒక్క సీటును కూడా పుట్టించదు. ఈ వ్యాపారం అంతా ఈ ఒక్క విషయం మీదే నడుస్తుంది. గంటకు 1,800 మందిని తిప్పగల రైడ్ ఒకటి ఉందనుకుందాం. ముందు 900 మంది ఉన్నారు. రెండో గేటు లేకపోతే మీ వంతు అరగంటలో వస్తుంది. ఇప్పుడు రెండు దారులు కలిసేచోట ఉద్యోగి ఒకరు నిలబడి, పాస్ ఉన్నవాళ్లను నలుగురిని పంపాక మామూలు వరస నుంచి ఒకరిని వదులుతున్నారనుకోండి. మామూలు వరసకు దక్కేవి గంటకు 360 సీట్లు. అదే 900 మంది, రెండున్నర గంటలు. దూరం నుంచి చూసి ‘బారు చిన్నదే’ అని దూరినవాళ్లు లోపల ఇరుక్కునేది అందుకే.

పాస్ కొన్నవాళ్లు మామూలు బారులోంచి తప్పుకున్నారు కదా, ఆ మేరకు ఇదీ తగ్గాలిగా అని అడగొచ్చు. కొంత తగ్గుతుంది. కానీ పాస్ చేతిలో ఉన్న మనిషి ఒక రైడ్‌కు వేళ రాయించుకుని, ఆ వేళ వచ్చేదాకా ఇంకో రైడ్ మామూలు వరసలో నిలబడతాడు. ఒకే మనిషి రెండు క్యూల్లో ఉన్నట్టు. ఆరు రైడ్లతో సరిపెట్టుకునేవాడు పది ఎక్కుతాడు. ఆ నాలుగూ ఎవరి ఖాతాలోంచి పోయాయో వేరే చెప్పాలా! డిఫంక్ట్‌ల్యాండ్ అనే యూట్యూబ్ చానల్ 2021లో ఫాస్ట్‌పాస్ చరిత్ర మీద సినిమా అంత డాక్యుమెంటరీ తీసింది. కంప్యూటర్లో ఊహా పార్కును కట్టి, అందులో జనాన్ని తిప్పి ఈ సంగతినే కళ్లకు కట్టింది.

పాస్‌తో బారు పెరుగుతుంది. బారు పెరిగేకొద్దీ పాస్ కొనాలనిపిస్తుంది. రోగమూ పార్కుదే, మందూ పార్కుదే. ఇందులో కుట్ర ఉందని నేననను. కానీ మామూలు వరసను వేగంగా నడిపితే తమ సరుకే అమ్ముడుపోదని లెక్కలు రాసేవాళ్లకు తెలియకుండా ఉండదు.

వరసను అమ్మడం మనకు వింతేమీ కాదు. తిరుమలలో సర్వదర్శనం ఉంది, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనమూ ఉంది. కానీ అక్కడ ఉచిత దారినొచ్చినా చివరికి స్వామి కనిపిస్తాడు. పార్కు మాత్రం రాత్రి మూసేస్తారు, దక్కని రైడ్ దక్కనట్టే. హార్వర్డ్ ఆచార్యుడు మైకేల్ శాండెల్ డబ్బుతో కొనకూడనివాటి గురించి 2012లో రాసిన పుస్తకంలో మొదటి అధ్యాయాన్ని ఈ క్యూ దాటడాలకే ఇచ్చాడు. అన్నిచోట్లా ఇదే దారి పట్టలేదు. జర్మనీలోని యూరోపా పార్క్ ఫోన్లో వరస పట్టే సౌకర్యాన్ని ఉచితంగానే ఇస్తోంది. టోక్యో డిస్నీ 2022లో డబ్బు పాస్ పెట్టి, మరుసటి ఏడాది కొన్ని రైడ్లకు ఉచిత పాస్ కూడా ఇచ్చింది. చేయాలనుకుంటే చేయొచ్చన్నమాట.

ఎవరికి కొనాలి, ఎప్పుడు కొనాలి

ఇంటిల్లిపాదికీ కొనాలా వద్దా అని ఆలోచించడం దగ్గరే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. అడగాల్సింది ఎవరు ఏది ఎక్కుతారని. మైన్ ట్రెయిన్ ఎక్కాలంటే 38 అంగుళాల ఎత్తుండాలి, స్పేస్ మౌంటెన్‌కు 44, ట్రాన్‌కు 48. ఐదేళ్ల మనవరాలు ట్రాన్ గేటు దగ్గరే ఆగిపోతుంది. కానీ మూడేళ్లు నిండితే చాలు, పాస్‌కు పెద్దవాళ్లతో సమానంగా కట్టాల్సిందే. చంటిపిల్లలున్న దంపతులకు ‘రైడర్ స్విచ్’ ఉంది. ఒకరు ఎక్కి దిగేదాకా ఇంకొకరు పిల్లను చూసుకుంటారు, తర్వాత రెండోవాళ్లు మళ్లీ పెద్ద వరసలో నిలబడకుండా ఎక్కుతారు. దీనికి డబ్బు తీసుకోరు. గేటు దగ్గర అడగాలి, అంతే. కాలేజీ కుర్రాళ్లయితే ‘సింగిల్ రైడర్’ వరస ఉన్నచోట అందులో దూరిపోవడం మేలు. పక్కపక్కన కూర్చోలేరు గానీ, మిగిలిపోయిన ఒంటి సీట్లలో త్వరగా పని అయిపోతుంది.

పెద్దవాళ్ల సంగతి వేరు. వాళ్లకు కష్టం రైడ్ కాదు, కాళ్లు. మోకాళ్ల నొప్పులతో గంటన్నర నిలబడలేని నాన్నగారికి పడవ రైడ్ ఇష్టమైతే ఆ ఒక్కదానికి పాస్ ఖర్చు దండగ కాదు. రోలర్ కోస్టర్ల వైపే చూడని అమ్మకు పాస్ కొనడం మాత్రం మొహమాటానికి కట్టే పన్ను. మ్యాజిక్ కింగ్‌డమ్ చుట్టూ తిరిగే ఆవిరి రైలుంది, పైనుంచి నెమ్మదిగా సాగే పీపుల్‌మూవర్ ఉంది. వీటికి పాసే లేదు, ఎక్కువగా ఆగాల్సిన పనీ ఉండదు. గాలి తగులుతుంది, కూర్చోవచ్చు, పార్కు కనిపిస్తుంది. ఆమె అడిగిన నీడా దొరుకుతుంది.

ఇక రోజు. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా, థ్యాంక్స్‌గివింగ్ వారం, మార్చి, ఏప్రిల్ నెలల స్ప్రింగ్ బ్రేక్, ఈ రోజుల్లో ఒక్కరోజు కోసమే వెళ్తే పాస్ కొనండి. లేదంటే నాలుగు రైడ్లతో బయటికొస్తారు. బడులు తెరిచాక సెప్టెంబరులో, అదీ వారం మధ్యలో వెళ్తే జేబులో చెయ్యి పెట్టకండి. మిగతా రోజుల్లో పాస్‌కు పోటీ పొద్దున లేవడమే. గేటు తెరిచే వేళకు ముందే అక్కడుంటే మొదటి గంటలో ఎక్కినన్ని మధ్యాహ్నం మూడు గంటల్లో ఎక్కలేం. డిస్నీ హోటళ్లలో దిగినవాళ్లను అరగంట ముందే వదులుతారు కూడా. కాకపోతే సెలవుల్లో ఆరుగురు తెలుగువాళ్లను ఉదయం ఆరింటికి తెమిల్చి బయటికి తేవడమెలాగో నన్నడగొద్దు.

పాస్ కొంటే ఇంకో ఖర్చు కూడా ఉంది, అది బిల్లులో కనిపించదు. మల్టీ పాస్ కొన్నవాళ్లలో ఒకరు రోజంతా ఫోన్లో తలదూర్చాల్సిందే. డిస్నీ హోటల్లో ఉంటే వారం ముందు, లేకపోతే మూడు రోజుల ముందు మొదటి మూడు వేళలు పట్టాలి. అక్కడికెళ్లాక ఒకటి వాడగానే ఇంకోటి వెతకాలి. భోజనం మధ్యలో ‘పదండి పదండి, టైమైపోతోంది’ అంటారు. చార్జింగ్ తగ్గితే చిరాకు, చిరాకు పెరిగితే ఆలుమగల మధ్య మాటలు. సెలవుకెళ్లి కూడా మీటింగుల క్యాలెండరు మోసే సరదా ఉన్నవాళ్లకైతే ఇది పండగే.

రావిర్యాలలో

హైదరాబాద్ శివార్లలోని రావిర్యాలలో వండర్‌లా 2016లో తెరుచుకుంది. అక్కడా మామూలు టికెట్టుకు పైన ఫాస్ట్‌ట్రాక్ టికెట్టు ఉంది. ఆదివారాలు, ఎండాకాలం సెలవులు, దసరా, సంక్రాంతి రోజుల్లో రీకాయిల్ లాంటి పెద్ద రైడ్లు రెండో మూడో తప్పకుండా ఎక్కాలనుకుంటే ఆలోచించొచ్చు. మామూలు వారం రోజుల్లో అనవసరం. అయితే వారం రోజే కదా అని డిసెంబరులో వెళ్తే బడి పిల్లల ఎక్స్‌కర్షన్ బస్సులు బారులు తీరి కనిపించవచ్చు. కొనేముందు కౌంటర్లో రెండే ప్రశ్నలు అడగండి: ఏయే రైడ్లకు పనికొస్తుంది, ఒక్కోదాన్నీ ఎన్నిసార్లు ఎక్కనిస్తారు? ఇంట్లోవాళ్లు పొద్దుగూకేదాకా నీళ్లలోంచి బయటికి రాని రకమైతే ఆ డబ్బుతో బిర్యానీ తినొచ్చు.

ఓర్లాండోకు వెళ్లేవాళ్లకు ఇంకొక్క మాట. మనవాళ్లు ఎక్కువగా వెళ్లే జూన్, జులై, ఆగస్టు నెలల్లో ఫ్లోరిడాలో మధ్యాహ్నం దాటితే ఉరుములు, మెరుపులతో వాన తరచూ పడుతుంది. అలాంటప్పుడు ఆరుబయట తిరిగే రైడ్లను ఆపేస్తారు. ఆ సమయంలో ఏ పాస్ ఉన్నా ఒకటే. కాబట్టి పాస్ కొంటే బయటి రైడ్లకు పొద్దుటి వేళలే పట్టండి, పైకప్పు ఉన్నవాటిని మధ్యాహ్నానికి ఉంచండి, సంచిలో రెయిన్‌కోట్లు పెట్టుకోండి. అవి లోపల కొంటే, వాటికీ పార్కు రేటే.