కళ్ళజోడులోని తెర

దీపము వెలుగుచున్న గదిలో కూర్చుండి, రాత్రివేళ మూసియున్న అద్దపు కిటికీగుండ బయటికి చూచినచో, పెరటిలోని చెట్టునకు బదులు మన దీపమే అద్దములో వ్రేలాడుచు కానవచ్చును. దీపము నార్పిన మరుక్షణమున చెట్టు కనబడును, దాని వెనుక ఆకాశమును కనబడును. అద్దము మారలేదు, చెట్టును మారలేదు. మన కంటికిని చెట్టునకును నడుమ అడ్డు నిలిచినది మన దీపపు కాంతియే. ఈ చిన్న అనుభవమును మనస్సునం దుంచుకొన్నచో, ఇప్పుడు చెప్పబోవు కళ్ళజోళ్ళ సంగతి సగము తెలిసినట్లే.

ఈ కళ్ళజోళ్ళు రెండు తెగలు. ఒక తెగది కంటిని పూర్తిగా కప్పివేసి, యంత్రము కల్పించిన దృశ్యమునే చూపును. దీనిని వర్చువల్ రియాలిటీ యందురు. రెండవది ఎదుటి లోకమును కననిచ్చుచునే దానిపై అక్షరములను, బొమ్మలను చేర్చి చూపును. ఇది ఆగ్మెంటెడ్ రియాలిటీ. వాస్తవమునకు చేర్పు అని దీని అర్థము. వాస్తవమునకు మనము చేర్చగలిగిన దేమున్నదో గాని, పేరు మాత్రము స్థిరపడిపోయినది. ఆలోచన పాతదే. 1968లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అను శాస్త్రజ్ఞుడు రెండు చిన్న పిక్చర్ ట్యూబులను తలకు తగిలించుకొను సాధనమును నిర్మించి చూపెను. తల కదలికను కొలుచు యంత్రము పైకప్పునుండి వ్రేలాడుచుండెడిది.

అమెరికా నౌకాదళమునకు చెందిన ఎఫ్-35సి యుద్ధవిమానపు పైలటు ధరించు శిరస్త్రాణము ఈ రెండవ తెగకు చెందినది. వేగము, ఎత్తు, దిక్కు మున్నగు వివరములు అతని ముఖము ముందున్న పారదర్శకమైన తొడుగుపై ప్రతిఫలించును. చంద్రుడు లేని రాత్రి, సముద్రముపై సాగిపోవుచున్న ఓడమీద అతడు విమానమును దింపవలెను. ఓడమీది సన్నని దీపములే అతనికి ఆధారము. అట్టి సమయమున తొడుగునిండ పలుచని ఆకుపచ్చని వెలుగు పొగమంచువలె క్రమ్ముకొని, ఆ దీపములను మరుగుపరచుచున్నదని పైలట్లు మొరపెట్టిరి. దోషము అక్షరములలో లేదు, అక్షరములు లేని చోటనే యున్నది.

కారణము ఆ శిరస్త్రాణములోని ద్రవస్ఫటికపు తెర. అది తనంత వెలుగునది కాదు. దాని వెనుక నొక దీపము ఎల్లప్పుడు వెలుగుచునే యుండును. ముందున్న ద్రవస్ఫటికములు తలుపులవలె ఆ కాంతిని వదలుచు ఆపుచుండును. కాని యే తలుపును సందు లేకుండ మూసికొనదు. ఇంటిలోని టెలివిజనులో ఈ లోపము మనకు పట్టదు. పట్టినను, నష్టమేమియు లేదు. నడిరాత్రి ఓడమీద దిగువాని సంగతి వేరు.

దీనికి మందు వేరొక తెరలో దొరికినది. 1987లో ఈస్ట్‌మన్ కోడక్ సంస్థకు చెందిన చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అను నిరువురు, మిక్కిలి పలుచని కర్బన పొరలగుండ పది వోల్టులకు లోబడిన విద్యుత్తును పంపి, చక్కని ఆకుపచ్చని కాంతిని రాబట్టిన విధమును ప్రకటించిరి. దీనినే నేడు ఓలెడ్ అనుచున్నారు. ఒక ప్రక్కనుండి ఎలక్ట్రానులును, మరియొక ప్రక్కనుండి ఎలక్ట్రానులు లేని ఖాళీలును వచ్చి పొరలలో కలిసికొనును. ఆ కలయికలో విడుదలయైన శక్తియే వెలుగు. విద్యుత్తు లేదా, వెలుగును లేదు. వెనుక దీపమే లేనప్పుడు సందులనుండి కారునదేమి? ఎదుటి లోకము కనబడు కళ్ళజోడులో నలుపు అనగా నల్లరంగు గాదు. అచ్చట తెర యేమియు చేర్చలేదని, ఉన్న లోకమును ఉన్నట్లు వదలినదని అర్థము. 2019 ప్రాంతమున ఆ నౌకాదళము తన పైలట్ల శిరస్త్రాణములలో ఓలెడ్ తెరలను ప్రవేశపెట్టినది.

అయితే, కంటి చెంతనుంచు తెర మిక్కిలి చిన్నదిగా నుండవలెను. కటకము దానిని పెద్దదిగా చేసి చూపునప్పుడు, దానిలోని బిందువులు విడివిడిగా కంటబడరాదు. అందుచేత గాజుపలకకు బదులు, కంప్యూటరు చిప్పులకు వాడు సిలికాన్ బిళ్ళపైననే ఓలెడ్ పొరలను పరచుదురు. 2024లో అమ్మకమునకు వచ్చిన ఆపిల్ విజన్ ప్రోలో ఇట్టివి రెండు తెరలు కలవు. రెంటను కలిపి 2 కోట్ల 30 లక్షల బిందువులు. ఒక్కొక్క దాని కొలత 7.5 మైక్రానులు. తలవెండ్రుక మందములో అట్టివి సుమారు తొమ్మిది ఇముడును.

ఇక ఈ తెరకున్న దారిద్ర్యము చెప్పవలెను. అది వెలుగు కొరత. ఇంత చిన్న బిందువులలో మూడు రంగుల పదార్థములను విడివిడిగా పరచుట కష్టమగుటచే, పెక్కింటిలో తెల్లని కాంతిని పుట్టించి, దానిని ఎరుపు, ఆకుపచ్చ, నీలము వడపోతలగుండ పంపుదురు. మూడింట రెండువంతులు అచ్చటనే పోవును. కళ్ళజోడు పలుచగా నుండవలెనని కాంతిని ముందు వెనుకలకు మడిచి నడిపించు కటకములను వాడినచో, ధ్రువణపు వడపోతలో సగము, అర్ధదర్పణము నెదుర్కొన్న రెండు మారులును సగము సగము పోయి, ఎనిమిదింట నొకవంతుకంటె ఎక్కువ కంటికి చేరదు. కొరత తీర్చుటకు విద్యుత్తును పెంచినచో కర్బన పదార్థము త్వరగా క్షీణించును. నీలపుకాంతి నిచ్చునది అన్నిటికంటె ముందు సొమ్మసిల్లును. కంటిని కప్పివేయు తెగలో ఈ కొరతను సహింపవచ్చును, లోపల చీకటియే గనుక. ఎదుటి లోకమును చూపు తెగలో మాత్రము తెర మధ్యాహ్నపు ఎండతో పోటీపడవలెను. చీకటిలో పైలటును గట్టెక్కించిన గుణము అచ్చట అక్కరకు రాదు. ఎక్స్‌రియల్ సంస్థ 2022లో విడుదల చేసిన ఓలెడ్ కళ్ళజోడునకు చలువ అద్దములవలె నల్లని అద్దములుండుట అందుకే: తెర వెలుగును పెంచలేక లోకపు వెలుగును తగ్గించిరి.

మరికొందరు కర్బన పొరలనే విడిచిపెట్టిరి. 2024లో మెటా సంస్థ ప్రదర్శించిన ఓరియన్ అను నమూనాలో, అకర్బన పదార్థములతో చేసిన మైక్రో ఎల్‌ఈడీలు వెలుగునిచ్చెను. అవియును తమంత వెలుగునవే, ఆర్పినచో ఆరునవే. ఎండకు సరితూగు కాంతియు వానికి కలదు. కాని మూడు రంగులవానిని అంత సన్నని కొలతలో, చెడిన బిందువు లేకుండ పేర్చుట నేటికిని మిక్కిలి వ్యయప్రయాసలతో కూడిన పనియే.