నీడకు ఎదురెళ్ళిన పడవ

ప్రతి ఏడాదీ మన వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవిత చరిత్రలు, సైన్సు విశేషాలు వస్తుంటాయి. ఈసారి ఒక నవల గురించి రాస్తామని మేము చెబితే వార్డెన్ సార్ నవ్వి, "మంత్రాలు, డ్రాగన్ల కథా? అందులో మన పిల్లలు నేర్చుకునేదేముంటుందిరా?" అన్నారు. ఆ ప్రశ్నకు మాకు తోచిన జవాబే ఈ వ్యాసం.

నవల పేరు 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. 1968లో అమెరికాలో వెలువడింది. రచయిత్రి ఉర్సులా కె. లెగ్విన్ (1929-2018). ఎదిగే పిల్లల కోసం ఒక పుస్తకం రాయమని ప్రచురణకర్త అడిగినప్పుడు ఆమెకు ఒక ఆలోచన వచ్చిందట. కథల్లో మాంత్రికులంతా తెల్లగడ్డం ముసలివాళ్ళే. మరి వాళ్ళు కుర్రవాళ్ళుగా ఉన్నప్పుడు ఎలా ఉండేవారు? ఆ విద్య ఎక్కడ నేర్చుకున్నారు? ఈ ప్రశ్నల్లోంచే నవల పుట్టింది. మంత్రవిద్య బడి అనగానే మనకు హారీ పోటర్ గుర్తొస్తాడు. ఆ మొదటి పుస్తకం వచ్చింది 1997లో. దానికి 29 ఏళ్ళ ముందే లెగ్విన్ అలాంటి బడి కట్టింది.

మేము దీన్ని ఇంగ్లీషులోనే చదివాం. రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఒకరు పైకి చదివేవారు, ఒకరు డిక్షనరీ పట్టుకునేవారు. రోజుకు రెండు పేజీలు దాటేవి కావు. అయినా వదల్లేదు.

సముద్రమే లోకం

ఎర్త్‌సీ అంటే వందలాది దీవుల లోకం. ఒక దీవి నుంచి మరో దీవికి పడవే దారి. అందుకే అక్కడ మాంత్రికుడికి ముందుగా కావలసింది గాలిని పిలవడం. తెరచాపలో గాలి నింపగలిగితే ఏ ఊరైనా అతన్ని ఆదరిస్తుంది. కానీ ఇష్టం వచ్చినట్లు గాలివానల్ని మళ్ళించకూడదు. ఒక దీవికి వాన తెస్తే ఇంకో దీవిలో కరువు రావచ్చు. లోకం ఒక తూకంలో నిలబడి ఉందని, ఒక గులకరాయిని మార్చినా ఆ తూకం కదులుతుందని గురువులు చెబుతారు.

మంత్రం అంటే ఏమిటి? ప్రతి వస్తువుకూ ఒక అసలు పేరు ఉంటుంది. అది తెలిసినవాడికి దాని మీద అధికారం వస్తుంది. అందుకే మనుషులు తమ అసలు పేరు దాచుకుని, వాడుక పేరుతో బతుకుతారు. ప్రాణమిచ్చే స్నేహితుడికి తప్ప అసలు పేరు చెప్పరు. ఇంకో సంగతి మాకు బాగా నచ్చింది. మంత్రంతో తిండి సృష్టించవచ్చు, రుచి కూడా తెప్పించవచ్చు. కానీ అది ఉత్త మాటే. ఆకలిగా ఉన్నవాడికి బలం ఇవ్వదు.

మేకల కాపరి

కథానాయకుడు గాంట్ అనే కొండ దీవిలో కంచరి కొడుకు. ఏడాది నిండకముందే తల్లి పోయింది. మేకలు కాసేవాడు. పన్నెండేళ్ళ వయసులో ఊరి మీదికి దండు వస్తే, పొగమంచు కప్పి ఊరిని కాపాడాడు. ఓగియన్ అనే గురువు అతనికి 'గెడ్' అనే అసలు పేరు పెట్టాడు. ఓగియన్ నెమ్మదస్తుడు. మౌనంగా ఉండటం, గడ్డిపరకను కూడా గమనించడం ఆయన నేర్పే చదువు. గెడ్‌కు అంత ఓపిక లేదు. రోక్ అనే దీవిలోని గురుకులానికి వెళ్ళిపోయాడు.

అక్కడ జాస్పర్ అనే పెద్దింటి కుర్రవాడు ఉన్నాడు. మర్యాదగానే మాట్లాడతాడు, కానీ ప్రతి మాటలోనూ 'నువ్వు మేకల కాపరివి' అనే అర్థం ఉంటుంది. గెడ్ చదువులో అందరినీ మించిపోయాడు. అయినా ఆ నవ్వు అతన్ని వదల్లేదు. ఒక రాత్రి పంతానికి పోయి, చనిపోయినవారి ఆత్మను పిలుస్తానన్నాడు, పిలిచాడు. ఆ చీలికలోంచి పేరు లేని ఒక నల్లని నీడ దూకి అతని ముఖం చీల్చింది. ఆ చీలికను మూయడానికి బడి పెద్ద అయిన ఆర్చ్‌మేజ్ తన ప్రాణమే ఇచ్చాడు.

ఆ రాత్రి పేజీలు చదివినప్పుడు మాలో ఎవ్వరం మాట్లాడలేదు. జాస్పర్ లాంటివాళ్ళు మాకు బడిలో తెలుసు.

పారిపోతే పెరిగేది

చదువు ముగించిన గెడ్‌ను ఆ నీడ వేటాడుతుంది. పెండోర్ దీవిలో ముసలి డ్రాగన్ అసలు పేరు కనిపెట్టి దాన్ని లొంగదీసుకున్న ధైర్యవంతుడే, నీడను చూసి దీవి నుంచి దీవికి పారిపోతాడు. పారిపోయే కొద్దీ నీడకు బలం పెరుగుతుంది. చివరికి అలసి ఓగియన్ దగ్గరకు చేరితే, వెనక్కి తిరిగి దాన్నే వేటాడమని ఆయన సలహా ఇస్తాడు.

అప్పుడు గెడ్ ఒక పాత పడవ ఎక్కుతాడు. దాని సొంతదారు ముసలి జాలరి. అతని కంటి పొరలు నయం చేసినందుకు బదులుగా ఆ పడవ దొరికింది. దానికి 'లుక్‌ఫార్' అని పేరు. దూరం చూసేది అని అర్థం. వెచ్ అనే స్నేహితుడు తోడు వస్తాడు. ఇద్దరూ ఆఖరి దీవి కూడా దాటి, ఎవరూ పోని నీళ్ళలోకి వెళ్తారు. అక్కడ గెడ్ ఆ నీడను పేరు పెట్టి పిలుస్తాడు. గెలుపూ కాదు, ఓటమీ కాదు. ఆ పేరేమిటో మేము ఇక్కడ రాయం. చదివి తెలుసుకోండి.

గెడ్ రంగు

గెడ్‌ది ఎర్రమట్టి కలిసిన గోధుమ రంగు. వెచ్ నల్లనివాడు. ఈ కథలో తెల్లవాళ్ళు దండెత్తి వచ్చే దొంగలు. వీరుడు తెల్లగానే ఉండాలన్న అలవాటును లెగ్విన్ కావాలనే తిరగేసింది. అయినా ఎన్నో ముద్రణల అట్టల మీద అతన్ని తెల్లగానే వేశారు. 2004లో అమెరికా టీవీ వాళ్ళు తీసిన సీరియల్లో కూడా గెడ్ వేషం తెల్లవాడికే ఇచ్చారు. అది తప్పని ఆమె బహిరంగంగా రాసింది.

మా మాట

బడిలో ఎవరైనా "ఎక్కడుంటావ్?" అని అడిగితే, మాలో కొందరం సాంఘిక సంక్షేమ హాస్టల్ అని చెప్పేవాళ్ళం కాదు. "రూములో ఉంటా" అనేవాళ్ళం. ఒకరోజు ఎవరో చూస్తారని భయపడి, హాస్టల్ గేటు దాటి ముందుకు నడిచి, రోడ్డు ఖాళీ అయ్యాక వెనక్కి వచ్చినవాడు కూడా మాలో ఉన్నాడు. ఈ నవల చదివాక అతనే ఆ సంగతి మా అందరి ముందూ చెప్పాడు. సిగ్గుపడాల్సింది ఈ గేటును చూసి కాదని మాకు అప్పుడు అర్థమైంది. ఆ పారిపోవడమే మా నీడ.

తమ్ముళ్ళూ, మిమ్మల్ని చూసి నవ్వేవాళ్ళు ఉంటారు. వాళ్ళకు జవాబుగా గెడ్‌లా పంతానికి పోకండి. అలాగని పారిపోనూ వద్దు. ఎక్కడుంటావని అడిగితే మన హాస్టల్ పేరు పూర్తిగా చెప్పండి. మేము ఈ ఏడాది నుంచి అలాగే చెబుతున్నాం.

పుస్తకం లైబ్రరీ బీరువాలో రెండో అరలో ఉంది. అట్ట ఊడింది, జిగురు పెట్టి అతికించాం. జాగ్రత్తగా తీయండి.