మేట్టుపాళయం చిల్లరలో వెండి బిళ్ళ దొరుకుతుందా?

నీలగిరి కొండ రైలు బయల్దేరే మేట్టుపాళయం కోయంబత్తూరు జిల్లాలోది. మనం మాట్లాడుకునేది పుదుచ్చేరి అంచున ఉన్న మేట్టుపాళయం గురించి. పిప్‌డిక్ పారిశ్రామికవాడ, లారీల టెర్మినల్ ఉన్న ఊరు. ఏ ఊరి లారీ ఆగితే ఆ ఊరి చిల్లర ఇక్కడి టీకొట్ల గల్లాపెట్టెల్లో పడుతుంది. టీ తాగి నోటు ఇచ్చాక తిరిగొచ్చిన బిళ్ళల్ని ఒకసారి తిప్పి చూడండి. సంవత్సరం అంకె కింద చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాలది. వజ్రం గుర్తుంటే ముంబైది, చుక్క ఉంటే నోయిడాది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది.

ఇన్ని చేతులు మారిన చిల్లరలో ఎప్పుడైనా ఒక వెండి బిళ్ళ కూడా వస్తుందా? ఈ ఆశ ఎక్కువగా అమెరికా కబుర్లు విన్నవాళ్ళకు కలుగుతుంది. అక్కడ పెట్రోలు బంకు కౌంటర్లోనో, కిరాణా కొట్టులోనో పనిచేసిన మన పిల్లలకు గల్లాలో పాత వెండి క్వార్టర్ కనబడటం అరుదే గాని అసాధ్యం కాదు. 1964 వరకు అమెరికా డైములు (పది సెంట్ల బిళ్ళలు), క్వార్టర్లు నూటికి తొంభై పాళ్ళు వెండితో చేసేవారు. 1965లో చట్టం మార్చి వాటి నుంచి వెండి తీసేశారు. కానీ పాతవాటిని రద్దు చేయలేదు. 1964 నాటి క్వార్టర్ ఈనాటికీ పాతిక సెంట్లకు చెల్లుతుంది. ఎవరో ఇంట్లో డబ్బా బోర్లించి బజారులో ఖర్చుపెడితే అది మళ్ళీ చిల్లరలోకి వస్తుంది. అంచు చూస్తే తెలిసిపోతుంది: కొత్తదానికి రాగి గీత కనబడుతుంది, వెండిదానికి అంచంతా తెల్లగా ఉంటుంది.

మేట్టుపాళయంలో గాని, రాజమండ్రిలో గాని, వరంగల్లులో గాని ఇలా జరగదు. మన దగ్గర వెండి తక్కువై కాదు. ప్రపంచంలో ఏ దేశానికీ తీసిపోనంత వెండి మన చేతుల్లో తిరిగింది. దాన్ని చిల్లరలోంచి ఒక పక్క ప్రజలు, మరో పక్క ప్రభుత్వం పోటీపడి బయటికి లాగారు. ఆ కథ తెలిస్తే వెండిని వెతకాల్సింది టీకొట్టు గల్లాలో కాదని అర్థమవుతుంది.

1835లో ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి తెచ్చింది. బరువు సరిగ్గా ఒక తులం, అంటే 11.66 గ్రాములు. అందులో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి. విక్టోరియా రాణి, ఏడో ఎడ్వర్డు, అయిదో జార్జి బొమ్మలు మారాయి గాని తూకం మారలేదు. అర్ధరూపాయి అందులో సగం, పావలా నాలుగోవంతు, బేడ ఎనిమిదోవంతు. వెండి బేడ ఒకటిన్నర గ్రాములకు కాస్త తక్కువ, వేలి గోరంత ఉండేది. ఈ లెక్క ఎంత కచ్చితంగా ఉండేదంటే రూపాయే తూకపు రాయి. వీశె అంటే 120 తులాలు గనక 120 రూపాయలు తక్కెడలో వేస్తే వీశె తూగినట్టే.

అయితే ఆ రూపాయిలో ఒక చిక్కు దాగి ఉంది. బిళ్ళలోని వెండి విలువ దాని మీద రాసిన విలువ కంటే తక్కువగా ఉన్నంత కాలం అది బజారులో తిరుగుతుంది. ఎక్కువైన రోజున ఎవరూ దాన్ని ఖర్చుపెట్టరు. పెట్టెలో దాస్తారు, లేదా కంసాలి మూసలో వేస్తారు. 1893లో ప్రభుత్వం టంకశాలల తలుపులు మూసి, ప్రజలు వెండి తెచ్చి రూపాయలు కొట్టించుకునే హక్కు తీసేసింది. ఆ తర్వాత రూపాయి విలువ వెండి ధరకంటే పైనే నిలబడింది. కానీ మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి ధర ఎగబాకి 1917కల్లా పరిస్థితి తలకిందులైంది. రూపాయిని కరిగిస్తేనే లాభం! కరిగించడాన్ని ప్రభుత్వం నిషేధించింది. ఆ ఏడాది చివర్లో ఒక రూపాయి నోటు అచ్చువేసింది. వెండి బేడల స్థానంలో, ఆ వెంటనే పావలాలకు, అర్ధరూపాయలకు కూడా, రాగి-నికెల్ బిళ్ళలు తెచ్చింది. ఉర్దూ, బెంగాలీ, నాగరి లిపులతో పాటు తెలుగు లిపి కూడా ఆ రాగి-నికెల్ బిళ్ళల మీద కనిపిస్తుంది. అదే కాలపు వెండి రూపాయి మీద తెలుగు లేదు.

అప్పటికీ చాలలేదు. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి తన ఖజానాలోని 27 కోట్లకు పైగా వెండి డాలర్లను కరిగించింది. వాటిలోంచి సుమారు 20 కోట్ల ఔన్సుల వెండి భారత రూపాయల కోసం బ్రిటన్‌కు అమ్మింది. మన తాతమ్మల పెట్టెల్లో 1918, 1919 తేదీలున్న రూపాయలు అంత విరివిగా కనబడటానికి ఇదే కారణం. అయిదో జార్జి బొమ్మ వెనక ఉన్న లోహంలో ఒక పాలు ఒకప్పుడు అమెరికా డాలరే కావచ్చు.

రెండో దెబ్బ 1940లో పడింది. మే, జూన్ నెలల్లో ఫ్రాన్స్ జర్మనీ చేతిలో ఓడిపోయింది. ఆ వార్తతో దేశమంతా నోట్లు పట్టుకుని వెండి రూపాయల కోసం ఎగబడింది. అవసరానికి మించి నాణేలు పోగేయడం నేరమని జూన్ నెలాఖరులో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. జూలైలో మళ్ళీ రూపాయి నోట్లు వచ్చాయి. అదే ఏడాది బిళ్ళల్లో వెండిని సగానికి సగం తగ్గించి రాగి, నికెల్, జింకు కలిపారు. దొంగనాణేలు చేయకుండా అంచులో ఒక గాడి కూడా తీశారు. పాత మేలి వెండి బిళ్ళలను వరసగా రద్దు చేశారు: 1941లో విక్టోరియావి, 1942లో ఎడ్వర్డువి, 1943లో జార్జిలవి. ఇదే మనకూ అమెరికాకూ తేడా. అక్కడ పాత వెండి చెల్లుబాటు పోలేదు, ఇక్కడ పోయింది. చెల్లని బిళ్ళను ఏ దుకాణదారూ తీసుకోడు, ఎవరికీ ఇవ్వడు.

1946, 47లకు పావలా, అర్ధరూపాయి, రూపాయి అచ్చమైన నికెల్‌వి అయ్యాయి, వెనక పులి బొమ్మతో. యుద్ధంలో అమెరికా దగ్గర అప్పు తెచ్చుకున్న 22 కోట్లకు పైగా ఔన్సుల వెండిని తిరిగి ఇచ్చేయాలి గనక, సగం వెండి బిళ్ళలను కూడా బజారులోంచి లాగి శుద్ధి చేశారు. 1957కల్లా ఆ బాకీ తీరింది. మన జేబుల్లోని పావలాలే సముద్రం దాటి అప్పు తీర్చాయి.

రెండో యుద్ధం రోజుల్లో పుదుచ్చేరి ఫ్రెంచివారి కింద ఉన్నా రూపాయి బిళ్ళ మాత్రం బ్రిటిషు ఇండియాదే. కానీ అంతకు రెండు వందల ఏళ్ళ ముందు కథ వేరు. 1736లో గవర్నరు ద్యుమా ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ద్వారా మొగలు చక్రవర్తి పేరిట రూపాయలు కొట్టే హక్కు సంపాదించాడు. ఓడల్లో వచ్చే స్పానిష్ పియాస్టర్లను, అంటే మెక్సికో, పెరూ గనుల వెండిని, కరిగించి పుదుచ్చేరి టంకశాలలో ఆర్కాటు రూపాయలు అచ్చువేసేవారు. వాటి మీద రాత పారసీ, గుర్తు నెలవంక. ఊరి చిల్లరకు మాత్రం ఫనాలు కొట్టేవారు: ఒక వైపు కిరీటం, మరో వైపు ఫ్రెంచి రాజుల లిల్లీ పువ్వులు. ఎనిమిది ఫనాలు ఒక రూపాయి. యానాం, మాహే, కారైకాల్ సహా ఫ్రెంచి ఇండియా మొత్తానికి లెక్కలు రూపాయల్లో, ఫనాల్లో, కాసుల్లో నడిచేవి. పందొమ్మిదో శతాబ్ది తొలి సగంలో టంకశాల మూతపడ్డాక కూడా ఆ లెక్క బతికింది. 1923లో ఫ్రెంచి ఇండియా తపాలా బిళ్ళల మీద ఫనాలు, కాసులు ముద్రించి ఉన్నాయి.

నా దృష్టిలో తెలుగువాళ్ళు చూసి తీరాల్సిన వెండి నాణెం వేరొకటి ఉంది. 1807-08 ప్రాంతంలో మద్రాసులో ఈస్టిండియా కంపెనీవారు కొట్టిన అర వరహా, పావు వరహా. ఒక వైపు చుట్టూ నక్షత్రాలతో గుడి గోపురం, మరో వైపు దేవుడి బొమ్మ. అంచు చుట్టూ ఇంగ్లీషు, పారసీలతో పాటు తమిళం, తెలుగు. ఒక వరహాకు 42 ఫనాలు, ఒక ఫనానికి 80 కాసులు అన్న పాత దక్షిణాది లెక్కకు చెందిన నాణేలవి. 1818లో మద్రాసులో రూపాయి ప్రమాణమయ్యాక అవి పక్కకు తప్పుకున్నాయి. తెలంగాణ ఇళ్ళలో అయితే నిజాం హాలీ సిక్కా దొరుకుతుంది, చార్మినారు బొమ్మతో. బరువు 11.18 గ్రాములు, వెండి నూటికి 82 పాళ్ళకు కాస్త తక్కువ. రెండో యుద్ధం రోజుల్లో అదీ సగానికి తగ్గింది. ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిషు రూపాయలకు సమానంగా మారేవి.

ఇక వెతకాల్సిన చోటు. లక్ష్మీపూజ పళ్ళెం, పెళ్ళినాటి పెట్టె, లంబాడీ స్త్రీల మెడలోని బిళ్ళల పేరు, తాకట్టు కొట్టు, వెండి కొట్టులో పాత వెండి గిన్నెలతో కలిపి తూచే గంప. ఈ చివరి చోటే నాకు బాధ కలిగించేది. 2025లో కిలో వెండి లక్ష రూపాయలు దాటింది. ఆ ధరకు చూసుకున్నా ఒక పాత రూపాయిలోని 10.69 గ్రాముల మేలి వెండి వెయ్యి రూపాయల పైమాటే. అందుకే అవసరం పడిన ఇల్లు బిళ్ళను తేదీ కూడా చదవకుండా కాటాలో వేసేస్తుంది. మూసలో కరిగాక అది 1835 నాటిదో, 1918 నాటిదో ఎవరికీ తెలియదు. 1939 తేదీ ఉన్న ఆరో జార్జి వెండి రూపాయి సేకర్తలకు ఎంతో అరుదు. 1911 నాటి అయిదో జార్జి రూపాయిదీ అలాంటి కథే. రాజు అంగీ మీది ఏనుగు పందిలా ఉందని గొడవ రేగితే ప్రభుత్వం దాన్ని వెనక్కి తీసుకుని చాలావరకు కరిగించింది. అలాంటివాటిని తూకానికి అమ్మడం మహా నష్టం.

ఇంట్లో ఒక బిళ్ళ కనబడితే మొదట తేదీ చదవండి. 1946, 47 పులి బొమ్మ బిళ్ళ తెల్లగా మెరిసినా వెండి కాదు, నికెల్. అయస్కాంతం దాన్ని లాగుతుంది, వెండిని లాగదు. కానీ అయస్కాంతం ఒక్కదాన్నే నమ్మొద్దు. 1975 తర్వాతి రాగి-నికెల్ రూపాయలకు కూడా అయస్కాంతం అంటదు. బంగారు కొట్టు కాటా మీద తూచండి. 1940కి ముందటి రూపాయి అరిగిపోకపోతే 11.6 గ్రాముల పైన ఉండాలి. పాత షరాబులు బల్ల మీద మోగించి చూసేవారు. మంచి వెండి ఖంగున మోగి, ఆ మోత కాసేపు నిలుస్తుంది. స్వాతంత్ర్యం వచ్చాక బజారు కోసం కొట్టిన మామూలు చిల్లరలో వెండి లేదు. గాంధీ శతజయంతికి 1969లో తెచ్చిన పది రూపాయల బిళ్ళ లాంటి స్మారక నాణేల్లోనే ఉంది. దాని బరువు 15 గ్రాములు, అందులో నూటికి 80 పాళ్ళు వెండి. ఇక రాముడు, హనుమంతుడి బొమ్మలతో 1818 ఈస్టిండియా కంపెనీ అని రాసి ఉన్నవి కంపెనీ నాణేలే కావు, తర్వాత ఎవరో తయారుచేసినవి. వాటికి లక్షలు ఇస్తామని ఎవరన్నా నమ్మకండి. పాత నాణేలు కొంటామంటూ రిజర్వు బ్యాంకు పేరు చెప్పి కమీషను, పన్ను కట్టించుకునే మోసాల గురించి ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. ఇలాంటి వ్యాపారం తాము చేయమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని స్పష్టం చేసింది.

పొలం దున్నుతుంటేనో, పాత ఇల్లు పడగొడుతుంటేనో నేలలో బిళ్ళల కుండ దొరికితే 1878 నాటి నిధుల చట్టం వర్తిస్తుంది. పది రూపాయల విలువ దాటిన దేన్నయినా కలెక్టరుకు తెలియజేయాలి. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో బయటపడిన రోమన్ వెండి నాణేలు 1,531. అవి మూసల పాలు కాకుండా లెక్కకు వచ్చాయి గనకనే అగస్టస్, టైబీరియస్ కాలంలో రోము వెండి తెలుగు నేల లోపలి దాకా నడిచిందని మనకు తెలిసింది. మేట్టుపాళయానికి దూరం కాని అరికమేడులో 1945లో పురావస్తు శాస్త్రవేత్త వీలర్ తవ్వి చూపిన రోమన్ వర్తకానికి అది ఇంకో సాక్ష్యం.

ఇంట్లో ఉన్న పాత వెండి బిళ్ళను చింతపండుతో గాని, ముగ్గుపిండితో గాని తోమొద్దు. నల్లబడిన పొర పోతే దాని విలువలో చాలా భాగం పోతుంది. గొలుసుకు వేయడానికి కొక్కెం అతికించొద్దు. అది ఎవరి పెళ్ళిలో వచ్చిందో, ఏ ఊరి నుంచి వచ్చిందో ఇంటి పెద్దలు ఉండగానే అడిగి, చీటీ మీద రాసి, బిళ్ళతో పాటు కాగితంలో చుట్టి పెట్టండి. అమ్మక తప్పని రోజు వస్తే వెండి కొట్టుకు వెళ్ళేముందు రెండు వైపులా ఫొటో తీసి నాణేల సంగతి తెలిసినవాళ్ళకు ఒకసారి చూపించండి.