పెళ్లికి చట్టం లేదు... లెక్కలో గడి లేదు

ఒకే కప్పు కింద ఏళ్ల తరబడి కాపురముంటున్నా ఇద్దరు మగవాళ్లు గానీ, ఇద్దరు ఆడవాళ్లు గానీ చట్టం దృష్టిలో ఒకరికొకరు ఏమీ కారు. పురుషుడికి 21, స్త్రీకి 18 ఏళ్లు నిండాలంటుంది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ఆ మాటలతోనే వీరికి దారి మూసుకుపోయింది.

హైదరాబాద్‌కు చెందిన ఒక జంట, మరికొందరు సుప్రీంకోర్టు మెట్లెక్కారు. ఇటువంటి సంబంధం నేరం కాదని 2018లో చెప్పిన ఆ కోర్టే, పెళ్లి సంగతి పార్లమెంటు చూసుకోవాలని 2023 అక్టోబరు 17న తేల్చింది.

జనాభా లెక్కల్లోనూ అంతే. 2011లో ఆడ, మగ కాక ‘ఇతరులు’ అని రాసుకోనిచ్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అలా 43,769 మంది తేలారు. కానీ ఎవరి మనసు ఎవరి వైపు అన్న ప్రశ్న లేదు. అందుకే ఇటువంటి జంటలు ఎన్నో ఆ లెక్కలు చెప్పవు.

కొంత ఊరట లేకపోలేదు. రేషన్ కార్డుకు వీరిని ఒకే కుటుంబంగా చూడాలని 2024లో కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. బ్యాంకులో ఉమ్మడి ఖాతాకు, నామినీ పేరుకు అడ్డు లేదన్నది.

అయితే నామినీ అయినంత మాత్రాన వారసులు కారు. తోడున్నవారికి ఇల్లు, పొలం దక్కాలంటే వీలునామా రాయవలసిందే. రాయకపోతే హక్కు రక్తసంబంధీకులదే.