పల్లీ నూనెకు ‘నాన్ జీఎం’ బోర్డెందుకు?

ఊరూరా గానుగ దుకాణాలు వెలిశాయి. సంతోషమే. కానీ కొన్నిచోట్ల ‘నాన్ జీఎం పల్లీ నూనె’ (జన్యుమార్పిడి చేయని పల్లీల నూనె) అని బోర్డు పెట్టి, ఆ మాటకే లీటరుకు అదనంగా గుంజుతున్నారు. భయపడ్డవాళ్లు నోరెత్తకుండా ఇస్తున్నారు. ఆ భయాన్ని పెంచి పోషించింది వాట్సాప్.

అపోహ: నూనె ఎక్కువ దిగాలని పల్లీ, పొద్దుతిరుగుడు విత్తనాల్లో జన్యువులు మార్చేశారు. ఆ నూనె తింటే అవి ఒంట్లో చేరి పిల్లలు పుట్టరు.

వాస్తవం: జన్యుమార్పిడి వేరుశనగను ప్రపంచంలో ఎక్కడా వాణిజ్యపరంగా పండించడం లేదు. పొద్దుతిరుగుడు, నువ్వులు, కొబ్బరి సంగతీ అంతే. అసలే లేనిదాన్ని ‘మా నూనెలో లేదు’ అని అమ్మడం, ఉప్పు ప్యాకెట్ మీద ‘శుద్ధ శాకాహారం’ అని అచ్చు వేసి ధర పెంచడం లాంటిది.

నూనె పెంచే పరిశోధనలు జరిగిన మాట నిజం. గింజలో నూనె తయారీకి చివరి మెట్టు డీజీఏటీ అనే ఎంజైముది. దాని జోరు పెంచి, ఆవాల జాతికి చెందిన కనోలాను పొలాల్లోనూ పరీక్షించారు. నూనె పెరిగింది, అదీ కొద్దిగానే. ఆకు పంపిన చక్కెరనే గింజ నూనెకూ మాంసకృత్తులకూ పంచుకోవాలి. ఒకటి పెరిగితే తరచూ రెండోది తగ్గుతుంది. పల్లీ గింజలో ఇప్పటికే దాదాపు సగం నూనే. ఇంకా ఎక్కడ కుక్కుతారు?

ఇక జన్యువు ఒంట్లోకి చేరడం. జన్యువంటే డీఎన్ఏ. అది నూనెలో కరగదు. గింజ ఆడితే చెక్కతో పోతుంది, మిగిలిన రవ్వంత రిఫైనింగ్‌లో పోతుంది. డీఎన్ఏ నలుసులు కాస్త ఎక్కువగా మిగిలేది గానుగ నూనెలోనే. మనవాళ్లు భయపడి పరుగెత్తింది అటే! అయినా ఏం కాదు. పప్పులో, వంకాయలో, కోడికూరలో ఉన్నవీ జన్యువులే. తాతల నాటి నుంచి తింటున్నా ఎవరికీ నెత్తిన తొడిమ మొలవలేదు. సంతానలేమికీ ఈ నూనెకూ ముడిపెట్టే ఆధారమూ లేదు.

అపోహ: తెలంగాణలో వేస్తున్న ఆయిల్ పామ్ జీఎం మొక్క.
వాస్తవం: డ్యూరా, పిసిఫెరా రకాలను కలిపితే వచ్చిన టెనెరా అది. మామూలు సంకరం.

అపోహ: గిర్నార్ 4, గిర్నార్ 5 పల్లీలు జీఎం సరుకు.
వాస్తవం: పటాన్‌చెరు ఇక్రిశాట్, జునాగఢ్ శాస్త్రవేత్తలు సంకరంతోనే తెచ్చి 2020లో విడుదల చేసిన రకాలు. ఓలిక్ ఆమ్లం ఎక్కువ కాబట్టి నూనె త్వరగా కనరు వాసన కొట్టదు.

అపోహ: జీఎం ఆవాలు డీఎంహెచ్-11లో నూనె రెట్టింపు.
వాస్తవం: అందులో పెట్టిన జన్యువులు హైబ్రిడ్ విత్తనం తయారీకి. నూనె శాతం పెంచడానికి కాదు.

అపోహ: నురగ వస్తే జీఎం నూనే.
వాస్తవం: నురగకు జన్యువులతో పని లేదు.

అపోహ: మనకు తెలియకుండానే జీఎం నూనె తినిపిస్తున్నారు.
వాస్తవం: ఇది మాత్రం ఒప్పుకోక తప్పదు. 2002లో అనుమతి పొందిన జీఎం పంట బీటీ పత్తి ఇప్పుడు దేశంలోని పత్తి చేలల్లో 90 శాతానికి పైగా ఉంది. ఆ గింజల నూనె మనం తింటున్నాం. అర్జెంటీనా, బ్రెజిల్ నుంచి వచ్చే సోయా నూనె కూడా ఎక్కువగా జీఎం పంటదే. సీసా మీద ఆ ముక్క కనబడదు. ప్రమాదం లేకపోయినా చెప్పి అమ్మడం మర్యాద. చెప్పకపోబట్టే పుకార్లకు గిరాకీ.

గానుగ నూనె కొనాలనుంటే కొనండి, రుచి కోసం. జన్యువుల సంగతి వదిలేసి, ఆడబోయే పల్లీలు చూపించమనండి. బూజు పట్టిన పల్లీల్లో కాలేయ క్యాన్సర్‌కు దారితీసే అఫ్లాటాక్సిన్ ఉంటుంది. రిఫైనింగ్‌లో అది చాలావరకు పోతుంది, గానుగ నూనెలో కొంత మిగిలిపోవచ్చు. ముడుచుకున్నవి, నల్లబడ్డవి కనబడితే వెనక్కి తిరగండి. లైసెన్స్ నంబరు, తయారీ తేదీ లేని విడి నూనె వద్దు. ఇంటికొచ్చాక మూకుట్లో పోసేది తగ్గించండి. ఏ గింజదైనా, ఏ ధరదైనా, గ్రాము నూనెకు 9 కిలోక్యాలరీలు.