ధాన్య రవాణాలో చిన్న రైలు సంస్థలు: చట్టపరమైన బాధ్యతలు

అమెరికాలో ధాన్యాన్ని గ్రామీణ గిడ్డంగుల నుండి ప్రధాన రైలుమార్గాలకు చేర్చుటలో చిన్న రైలు సంస్థలది కీలకపాత్ర. 1980 నాటి స్టాగర్స్ చట్టం శాఖామార్గాల విక్రయాన్ని సులభతరం చేయడంతో ఇవి అధికసంఖ్యలో ఏర్పడినవి. సహేతుకమైన రవాణా అభ్యర్థనను ఇవి నిరాకరించరాదు. ఫెడరల్ ఉపరితల రవాణా మండలి అనుమతి లేనిదే మార్గాన్ని శాశ్వతంగా మూసివేయరాదు. మూసివేతకు దరఖాస్తు చేసినపుడు, ఆర్థిక సహాయం అందించి లేదా మార్గాన్ని కొనుగోలు చేసి దానిని నిలుపుకొనుటకు ఇతరులకు అవకాశం గలదు.

అయితే ఈ నిబంధనలు మార్గానికి రక్షణ కల్పించునే గాని పట్టాలకు పటుత్వం చేకూర్చవు. సరకు నిండిన వ్యాగన్ గరిష్ఠ బరువు సుమారు 119 టన్నుల నుండి 130 టన్నులకు పెరిగినందున, అనేక పాత పట్టాలను, వంతెనలను బలపరచవలసి వచ్చినది. అర్హమైన నిర్వహణ వ్యయంలో 40 శాతం, మైలుకు 3,500 డాలర్ల పరిమితితో, పన్ను రాయితీగా లభించును. మిగిలిన భారం సంస్థదే. కావున మూసివేత దరఖాస్తు దాఖలు కాకమునుపే రైతు సహకార సంఘాలు మార్గస్థితిని పరిశీలించుట శ్రేయస్కరం.