తమ్యీజ్: పిల్లల అవగాహన, పెద్దల బాధ్యత

తల్లి ఇద్దరు బిడ్డలకు ఒకే కొలతతో పాలు పోసింది. పెద్దవాడిది సన్నని పొడవాటి గ్లాసు, చిన్నవాడిది వెడల్పాటి గిన్నె. అయిదేళ్ళ చిన్నవాడు "అన్నకే ఎక్కువ పోశావమ్మీ!" అని ఏడుపు లంకించుకున్నాడు. కళ్ళెదుటే కొలిచి పోసినా నమ్మడు. "అబద్ధాలకోరు" అని ఇంట్లోవాళ్ళు కసురుకుంటారు. నిజానికి వాడు అబద్ధమాడటం లేదు. తన బుద్ధికి తోచిందే చెబుతున్నాడు.

స్విట్జర్లాండుకు చెందిన మనస్తత్వవేత్త జాఁ పియాజె (1896–1980) ఇట్టి ప్రయోగాలే చేశాడు. సుమారు ఏడేళ్ళలోపు పిల్లలు సాధారణంగా ఎత్తును చూసి పరిమాణాన్ని నిర్ణయిస్తారనీ, పాత్ర మారినా అందులోని పదార్థం మారదన్న గ్రహింపు ఆ తర్వాతనే కుదురుకుంటుందనీ చెప్పాడు. ప్రశ్నను పిల్లలకు పరిచయమైన రీతిలో అడిగితే అంతకుముందే కొంత గ్రహింపు కనబడుతుందని తర్వాతి పరిశోధకులు చూపారు.

ఫిఖ్హ్ చదివినవారికి ఈ దశల సంగతి కొత్తది కాదు. మన ధర్మవేత్తలు తమ్యీజ్ లేని బాలునికీ, తమ్యీజ్ గల బాలునికీ, యుక్తవయస్కునికీ వేర్వేరు ఆదేశాలు చెప్పారు. తమ్యీజ్ అనగా మేలు కీడులను, లాభనష్టాలను వేరుపరచి గుర్తించే శక్తి. దానికి సాధారణంగా ఏడవ ఏటిని గుర్తుగా తీసుకుంటారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం తమ్యీజ్ గల బాలుడు కానుక స్వీకరిస్తే చెల్లుతుంది. తన సొత్తును ఇతరులకు దానమిస్తే చెల్లదు. క్రయవిక్రయాలు వలీ అనుమతిపై ఆధారపడతాయి. అనగా బాధ్యతను ఒక్కసారిగా నెత్తిన మోపకుండా, పెద్దల కనుసన్నల్లో కొంచెం కొంచెంగా అప్పగించడమే షరీఅత్ పద్ధతి.

నమాజు విషయమూ ఇంతే. పిల్లలకు ఏడేళ్ళు రాగానే నమాజుకు ఆదేశించమని అబూదావూద్‌లోని హదీసు చెబుతుంది. దండన ప్రస్తావన పదేళ్ళకు గాని రాదు. ఆ దండనకు కూడా ధర్మవేత్తలు గట్టి హద్దులు విధించారు. నడుమనున్న మూడేళ్ళు ఓర్పుతో చెప్పి, చేసి చూపి, అలవాటు చేయవలసిన కాలం.

ఇబ్నె ఖల్దూన్ (1332–1406) తన "ముఖద్దిమా"లో రెండు సంగతులు నొక్కి చెప్పాడు. విద్యను గ్రహణశక్తికి తగినట్లు క్రమక్రమంగా అందించాలన్నది మొదటిది. కాఠిన్యం పిల్లలకు అబద్ధాన్నీ, కపటాన్నీ నేర్పుతుందన్నది రెండవది. పాల గిన్నె దగ్గర నిజం చెప్పి తిట్లు తిన్న బిడ్డ, రేపు తిట్లు తప్పించుకోవడానికి నిజంగానే అబద్ధమాడతాడు. మనం వేసిన నింద చివరకు నిజమై కూర్చుంటుంది.

మరి ఏం చేయాలి? గ్లాసులోని పాలను వాడిచేతనే మరో గిన్నెలోకి పోయించి, తిరిగి గ్లాసులోకి పోయించండి. వెంటనే ఒప్పుకోకపోయినా ఆలోచన మొదలవుతుంది. దస్తర్‌ఖాన్ పరిచేటప్పుడు ఎందరికి ఎన్ని పళ్ళాలు కావాలో లెక్కపెట్టించండి. ఏడెనిమిదేళ్ళు వచ్చాక అంగడికి పంపి, మిగిలిన చిల్లర లెక్క అడగండి. కంఠస్థం చేసిన సూరా భావాన్ని ఇంట్లో మాట్లాడే భాషలో రెండు ముక్కల్లో చెప్పండి. వీటికి పైకం అక్కరలేదు, తీరిక కావాలి.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) అంతటి బాధ్యతల నడుమ కూడా, హజ్రత్ అనస్ (రజి) గారి చిన్న తమ్ముడు అబూ ఉమైర్‌ను పలకరించి, వాడి చిన్న పిట్ట గురించి అడిగేవారు. ఆ పసివాడి లోకంలో ఆ పిట్టే పెద్ద సంగతి. బిడ్డ ఏ మెట్టు మీద ఉన్నాడో చూసి అక్కడికి దిగి మాట్లాడటం మన ప్రవక్త సున్నత్. బిడ్డ బుద్ధి మన చేతిలోని అమానత్. దాని లెక్క అల్లాహ్ సన్నిధిలో మనమే చెప్పుకోవాలి.